మసాలా టీ: ముందు ఏది వేయాలి, తరువాత ఏది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ అల్లం టీ గురించి నాలుగు వాక్యాలు రాశాము. దానికి వచ్చిన ఉత్తరాలు చూసిన తరువాత, ఈసారి శీర్షిక మొత్తాన్ని మసాలా టీకే కేటాయించడం న్యాయమనిపించింది. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: నేను టీలో అల్లం వేసినప్పుడు ఒక్కోసారి పాలు విరిగిపోతున్నాయి. పాలు తాజావే, గిన్నె శుభ్రమైనదే. “కొన్ని పాలకు అల్లం పడదు” అని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ అత్తగారి పరిశీలన సరైనదే గాని, తప్పు పాలది కాదు, ఆ రెండింటినీ కలిపిన సమయానిది. పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైము ఉంటుంది. మాంసకృత్తులను కోయడం దాని పని. గోరువెచ్చని స్థాయి దాటి బాగా వేడెక్కిన, కాని ఇంకా పొంగు రాని పాలలో పచ్చి అల్లం పడితే, ఆ ఎంజైము పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు మీద పనిచేసి పాలను గడ్డకట్టిస్తుంది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంవారు ఈ గుణాన్నే వాడుకొని, అల్లం రసం మీద వేడి పాలను పోసి, మన జున్నును తలపించే తీపి వంటకం ఒకటి చేసుకుంటారు. వారికి వరమైనది మనకు టీ గిన్నెలో శాపమైంది.

మందు చాలా సులభం. బాగా మరిగే నీటిలో ఆ ఎంజైము నశిస్తుంది కనుక, దంచిన అల్లాన్ని ముందుగా నీటిలో వేసి నాలుగైదు నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తరువాతే పాలు పోయాలి. పాలు, నీళ్లు, అల్లం, టీపొడి అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టే అలవాటు ఉన్న ఇళ్లలోనే ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తుంది. మరిగించిన అల్లంతో కూడా పాలు విరిగితే మాత్రం, ఆ పాలు అప్పటికే పులుపు తిరిగాయని అనుమానించవలసిందే.

అల్లాన్ని తురమాలా, దంచాలా అని కూడా మీరు అడిగారు. నా ఓటు దంచడానికే. సన్నని తురుములోంచి పిండి పదార్థం దిగి టీకి ఒక మడ్డితనం వస్తుంది, అది వడగట్టులో కూడా ఆగదు. రోట్లో ఒకటి రెండు దెబ్బలు తిని కచ్చాపచ్చాగా నలిగిన ముక్క రుచిని ఇస్తుందే తప్ప పిప్పిని కాదు. తాజా అల్లంలోని ఘాటుకు కారణమైన జింజెరాల్ వేడికి కొంత మెత్తబడి, తియ్యని వాసన గల జింజెరోన్‌గా మారుతుంది. అదే అల్లం ఎండి శొంఠి అయినప్పుడు షోగోల్ అనే మరింత కారమైన పదార్థంగా మారుతుంది. అందువల్ల అల్లం లేని రోజున శొంఠిపొడి వాడేవారు, అల్లం లెక్కలో కాక చిటికెల లెక్కలో వేసుకోవాలి.

ప్రశ్న: యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, మిరియాలు అన్నీ వేస్తున్నాను. అయినా నా మసాలా టీ తాగినవారు “కషాయంలా ఉంది” అంటున్నారు. టీ రుచి తెలియడం లేదు. కొలతలు, పద్ధతి వివరంగా చెప్పండి. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మన ఇళ్లలో జలుబుకు మిరియాల కషాయం, అజీర్తికి శొంఠి కషాయం కాచే అలవాటు తరతరాలుగా ఉన్నది కనుక, మసాలా డబ్బా తెరవగానే చేయి తనకు తెలియకుండానే ఆ కొలతలకు పోతుంది. కషాయంలో దినుసులే ప్రధానం, మసాలా టీలో తేయాకు ప్రధానం. కాబట్టి ముందు ఆకు సంగతి చూద్దాం.

మనం రోజూ వాడే టీపొడి నల్ల టీయే. నల్ల టీ అంటే వేరే మొక్క కాదు. గ్రీన్ టీ అయినా, నల్ల టీ అయినా ఒకే చెట్టు ఆకు. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగిలేలా పరిస్తే, ఆకులోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రంగు మారుతాయి. తోటలవారు దీనిని పులియబెట్టడం అంటారు గాని, దోసెపిండిలో జరిగినట్టు సూక్ష్మజీవులు చేసే పని ఇక్కడ ఏమీ లేదు. ఈ మార్పులో పుట్టే థియాఫ్లావిన్లు టీకి చురుకును, మెరుపును ఇస్తే, థియారుబిగిన్లు ఎర్రని రంగును, చిక్కదనాన్ని ఇస్తాయి. నాలుక మీద మనకు తెలిసే వగరు వీటిదే. ఉగాది పచ్చడిలో వగరు కోసం మామిడి పిందెను వెదుక్కునే మనం, టీలో అదే రుచిని లోపమని అనుకోవడం విచిత్రం. వగరు లేని టీ టీయే కాదు. పాలలోని కేసీన్ ఆ వగరును కొంత పట్టి ఉంచి మెత్తబరుస్తుంది, మసాలా దాని చుట్టూ వాసనలు పేరుస్తుంది. మసాలా మోతాదు మించితే ఈ వగరు అడుగున పడిపోతుంది. మీ టీలో జరుగుతున్నది అదే.

మసాలా టీకి గుళికలుగా ఉండే సి.టి.సి. (క్రష్, టేర్, కర్ల్) రకం కావాలి. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, చుట్టే ఈ పద్ధతి 1930ల దశకంలో అస్సాంలో మొదలైంది. గుళిక చిన్నది కాబట్టి రంగు, చిక్కదనం రెండు మూడు నిమిషాల్లోనే దిగుతాయి, పాలు పోసినా, మసాలా పడినా తల వంచదు. అస్సాం గుళికలో, మొలకెత్తిన ధాన్యాన్ని వేయించినప్పుడు వచ్చే తియ్యని వాసన వంటిది ఉంటుంది. నీలగిరి టీ దానికన్నా తేలికగా, పరిమళంగా ఉంటుంది. మన దక్షిణాదిలో గిరాకీ ఎక్కువగా ఉన్న డస్ట్ రకం, గుళిక కన్నా సన్నగా ఉండి, ఇంకా త్వరగా డికాక్షన్ ఇస్తుంది. నేను రెండు పాళ్లు అస్సాం గుళికకు ఒక పాలు నీలగిరి డస్ట్ కలుపుకుంటాను. డార్జిలింగ్ ఆకును మాత్రం దయచేసి మసాలాలో మరిగించవద్దు, అది పట్టుచీరను బండకేసి బాదడమే.

ఇక నలుగురికి చేసే పద్ధతి. 400 మి.లీ. నీరు, 250 మి.లీ. పాలు, సుమారు 8 నుంచి 10 గ్రాముల టీపొడి, అంటే తలకొట్టిన నాలుగు చిన్న చెంచాలు తీసుకోండి. బొటనవేలి కణుపంత అల్లం, నాలుగు యాలకులు, రెండే రెండు లవంగాలు, నాలుగు మిరియాలు, చిటికెనవేలి గోరంత దాల్చినచెక్క చాలు. దినుసుల పట్టిక కన్నా వాటిని వేసే వరుసే ముఖ్యం. చెక్క, లవంగం, మిరియం గట్టి సరుకులు, వాటిలోని నూనెలు బయటికి రావడానికి సమయం పడుతుంది. కాబట్టి వాటిని నలగ్గొట్టి, అల్లంతో పాటు చన్నీళ్లలోనే వేసి, మరుగు వచ్చిన తరువాత సన్నని మంట మీద ఐదారు నిమిషాలు ఉంచాలి. అప్పుడు టీపొడి వేసి రెండు నిమిషాలకు మించకుండా మరగనివ్వాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. మసాలా దిగలేదేమోనన్న అనుమానంతో టీపొడిని కూడా పది నిమిషాలు మరిగిస్తే, వగరు మోటుబారి చేదుగా మారుతుంది, ఆ చేదును కప్పడానికి మరో రెండు చెంచాల చక్కెర పడుతుంది. మసాలాకు ఎంత సమయం కావాలన్నా ఇవ్వండి, కాని అది టీపొడి వేయకముందే ఇవ్వండి.

తరువాత విడిగా కాచిన వేడి పాలు పోయాలి. చల్లని పాలు పోస్తే మరుగు ఆగిపోయి, మళ్లీ అందుకునేలోపు ఆకు అనవసరంగా నానుతుంది. మొదటి పొంగుకు మంట తగ్గించి, రెండో పొంగు రానిచ్చి, అప్పుడు దంచిన యాలకులు, చక్కెర వేసి, పొయ్యి ఆపి, మూత పెట్టి ఒక నిమిషం వదిలేయాలి. యాలకుల పరిమళానికి మూలమైన సినియోల్, టెర్పినైల్ ఎసిటేట్ అనే పదార్థాలు ఆవిరితో ఎగిరిపోయే స్వభావం కలవి. చాలా ఇళ్లలో యాలకులను అన్నిటికన్నా ముందు వేస్తారు, అందుకే టీ కాచినప్పుడు వీధి చివరిదాకా వాసన వస్తుంది గాని కప్పులో ఉండదు. వాసన వీధికి కాక తాగేవారికి దక్కాలంటే యాలకులు ఆఖరున పడాలి.

లవంగం విషయంలో ఇంకొక మాట. దానిలోని యూజినాల్ నాలుకను కొంచెం మొద్దుబారేలా చేస్తుంది. పంటినొప్పికి లవంగ నూనె రాసుకునేది ఇందుకే. నలుగురికి రెండు దాటితే మిగిలిన రుచులన్నీ దాని వెనుక నిలబడవలసి వస్తుంది. మీ “కషాయం” గుట్టు లవంగంలోనే ఉన్నదని నా అనుమానం. ముందు దానిని సగం చేసి చూడండి.

ప్రశ్న: ఇరానీ చాయ్‌లో ఏ మసాలా వేస్తారు? ఇంట్లో ఆ రుచి రావడం లేదు. – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: సంప్రదాయంగా ఏమీ వేయరు. డికాక్షన్‌ను మూత బిగించి సన్నని సెగ మీద దమ్ పెట్టడం, పాలను వేరే గిన్నెలో గంటలకొద్దీ మరిగించి చిక్కబరచడం, కప్పులో మాత్రమే రెండింటినీ కలపడం – ఆ రుచి ఈ మూడింటిలో ఉన్నది. యాలకులు వేసి ఇరానీ చాయ్ అని పిలిచే వారితో హైదరాబాదులో పాతతరం వారు ఒప్పుకోరు.

ప్రశ్న: రోజూ దంచే తీరిక లేదు. టీ మసాలా పొడి ఒకేసారి చేసి ఉంచుకోవచ్చా? సాంబారు పొడిలా వేయించి చేశాను, వాసన నిలవలేదు. – ఒక ఉద్యోగిని, గుంటూరు

జవాబు: చేసుకోవచ్చు, అయితే వేయించడమే మీరు చేసిన పొరపాటు. సాంబారు పొడిలో ధనియాలకు, పప్పులకు వేపుడు వల్ల కొత్త రుచి వస్తుంది. యాలకులకు, లవంగాలకు వేపుడు వల్ల ఉన్న పరిమళం పోతుంది. తేమ పోవడానికి ఒక పూట నీడలో ఆరబెట్టి, ఎండ కాసేపు చూపిస్తే సరిపోతుంది.

శొంఠి 20 గ్రాములు, యాలకులు 20 గ్రాములు, దాల్చినచెక్క 10 గ్రాములు, మిరియాలు 10 గ్రాములు, లవంగాలు 5 గ్రాములు, జాజికాయలో ఒక చిన్న ముక్క తీసుకోండి. శొంఠిని నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు అరుగుతుంది, ముందుగా రోట్లో ముక్కలుగా కొట్టుకోవాలి. మిక్సీని ఆపకుండా తిప్పితే గిన్నె వేడెక్కి పరిమళం పోతుంది కనుక, ఆపి ఆపి తిప్పుతూ, చల్లారిన తరువాత జల్లించి, గాలి చొరని చిన్న సీసాలో పోసి, పొయ్యికి, ఎండకు దూరంగా ఉంచండి. నెల రోజులకు సరిపడా మాత్రమే చేసుకోవడం మంచిది. నలుగురి టీకి పావు చెంచా చాలు, అది కూడా టీపొడి వేయడానికి ఒక నిమిషం ముందు వేయాలి.

అంగట్లో దొరికే దాల్చినచెక్కలో రెండు రకాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. మందంగా, గట్టిగా, ఒకే చుట్టతో ఉండేది కాసియా. పలుచని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకొని, వేలితో నలిపితే పొడి అయ్యేది సింహళపు చెక్క. కాసియా ఘాటైనది, చవకైనది. కాని దానిలో, మోతాదు మించితే కాలేయానికి మంచిది కాని కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ కనుక రోజుకు రెండు మూడు సార్లు మసాలా టీ తాగేవారు రెండో రకాన్ని ఎంచుకోవడం మేలు. పైగా కాసియా పొడి ఎక్కువైతే టీ కొంచెం జిగటగా కూడా అవుతుంది.

ప్రశ్న: ఇక్కడి దుకాణాల్లో “చాయ్ టీ” పేరుతో నల్ల టీ ఆకు, మసాలా ముక్కలు కలిపిన డబ్బాలు అమ్ముతున్నారు. వేడినీటిలో ఐదు నిమిషాలు నానబెట్టమని రాసి ఉంటుంది. అలా చేస్తే చప్పగా ఉంటుంది, మరిగిస్తే చేదుగా ఉంటుంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, డాలస్, అమెరికా

జవాబు: ముందు పేరు సంగతి. చైనాలో ఒకే పానీయానికి ఉన్న రెండు ఉచ్చారణలు లోకమంతా పాకాయి. “చా” అన్నది భూమార్గాన పర్షియా దాకా వెళ్లి “చాయ్” అయింది, ఫూజియన్ తీరపు “తే” ఓడలెక్కి యూరపు చేరి “టీ” అయింది. కాబట్టి “చాయ్ టీ” అంటే “టీ టీ” అన్నమాట. నవ్వుకునే ముందు మన సంగతి కూడా చూసుకోవాలి. తెలంగాణలో చాయ్, ఆంధ్రలో టీ, పుస్తకాల్లో తేయాకు – తెలుగువారు ఆ రెండు దారులనూ ఇంటికి తెచ్చుకున్నారు. “తేనీరు” అన్న అందమైన మాటలో ఉన్నది తేనె కాదు, ఆ “తే” యే.

ఇక మీ డబ్బా. ఆకు ఐదు నిమిషాల్లో రుచి ఇచ్చేస్తుంది, ముక్కలుగా ఉన్న చెక్క, ఎండు అల్లం మాత్రం అంత త్వరగా ఇవ్వవు. రెండింటినీ ఒకే డబ్బాలో కలిపి ఒకే సమయం చెప్పడంలోనే చిక్కు ఉన్నది. ఒక చిన్న ఉపాయం చెబుతాను. డబ్బాలోని మిశ్రమాన్ని పళ్లెంలో పోసి, మసాలా ముక్కలను చేతనైనంతవరకు ఏరి, నీటిలో ఆరేడు నిమిషాలు మరిగించండి. పొయ్యి ఆపి, ఆకును అందులో వేసి, మూత పెట్టి నాలుగు నిమిషాలు ఉంచండి. ఏరే ఓపిక లేకపోతే, ఇంట్లో ఉన్న అల్లం, నాలుగు మిరియాలు, చిన్న చెక్కముక్క ముందుగా నీటిలో మరిగించుకొని, ఆ నీటిలోనే డబ్బా మిశ్రమాన్ని నానబెట్టినా సరిపోతుంది.

అయినా మన టీకొట్టు చిక్కదనం రాదు. ఆ ఆకు పెద్దది, పాలను మోసే బలం దానికి తక్కువ. ఒకటికి ఒకటి చొప్పున సి.టి.సి. గుళిక కలిపితే తేడా మీకే తెలుస్తుంది. పాల విషయం కూడా ఉన్నది. అక్కడి హోల్ మిల్క్‌లో కొవ్వు సుమారు 3.25 శాతం, మన గేదె పాలలో అది దానికి దాదాపు రెట్టింపు. దాల్చిన, లవంగం, యాలకుల నూనెలు నీటిలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి కనుక, పలుచని పాలలో అదే మసాలా కొంచెం కరుకుగా తోస్తుంది. హోల్ మిల్క్‌కు రెండు చెంచాల హాఫ్ అండ్ హాఫ్ (పాలు, మీగడ కలిపి అక్కడ అమ్మేది) కలిపి చూడండి.

ప్రశ్న: నాకు పాలు పడవు. పాలు లేకుండా మసాలా టీ రుచిగా చేయడం ఎలా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: పాలు లేని మసాలా టీ అనగానే గుర్తుకు వచ్చేది మలబారు ప్రాంతంలో బిర్యానీ తిన్న తరువాత ఇచ్చే సులేమానీ. హైదరాబాదు విందుల్లోనూ అది కనిపిస్తుంది. నల్ల టీ, యాలకులు, లవంగం, చక్కెర, నిమ్మరసం, ఇంతే. పాల టీ కొలతలను ఇక్కడికి తీసుకురాకూడదు. మసాలా ఘాటును మెత్తబరిచే కొవ్వు, వగరును పట్టి ఉంచే కేసీన్ రెండూ లేవు కనుక, మసాలా సగం, టీపొడి సగం చేయాలి. 600 మి.లీ. నీటిలో రెండు యాలకులు, ఒక లవంగం, గోరంత చెక్క వేసి మూడు నిమిషాలు మరిగించి, పొయ్యి ఆపి, రెండు చెంచాల ఆకు వేసి, రెండున్నర మూడు నిమిషాలకు వడగట్టండి. పాలు లేనప్పుడు ఆకును నానబెట్టాలే గాని మరిగించకూడదు. పాల టీకి పనికిరాదని పైన చెప్పిన పెద్ద ఆకు ఇక్కడ రాణిస్తుంది. నీలగిరి ఆకు అయితే మరీ బాగుంటుంది.

నిమ్మరసం కప్పులోనే పిండండి. పిండగానే ముదురు ఎరుపు తేనెరంగుకు తిరగడం చూసి ఆశ్చర్యపడవద్దు, పులుపు తగిలితే థియారుబిగిన్ల రంగు తేలికవుతుంది. అలాగే చిక్కటి నల్ల టీ చల్లారితే మసకబారుతుంది. అది చెడిపోవడం కాదు, కెఫీన్, పాలీఫినాల్స్ ఒకదానినొకటి పట్టుకోవడం వల్ల ఏర్పడే తెర. తిరిగి వేడిచేస్తే విడిపోతుంది. టీ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవారు, ఆ తెర బాగా కట్టిన టీని మంచి టీ అని మెచ్చుకుంటారు.

ప్రశ్న: చక్కెర మానేసి బెల్లం వేస్తున్నాము. వారంలో రెండు రోజులు టీ విరుగుతున్నది. – ఒక గృహిణి, అనకాపల్లి

జవాబు: బెల్లం పుట్టింటి నుంచే ఈ ప్రశ్న వచ్చింది! బెల్లంలో సహజంగా కొంత పులుపు, లవణాలు ఉంటాయి, దిమ్మెకు దిమ్మెకు అవి మారుతుంటాయి. మరుగుతున్న పాలలో అవి పడితే పాలు విరిగే అవకాశం ఉన్నది. టీ కాచి, పొయ్యి మీది నుంచి దించి, పొంగు పూర్తిగా అణగిన తరువాత తురిమిన బెల్లాన్ని కలిపితే దాదాపుగా ఆ ఇబ్బంది ఉండదు. మసాలాలో అల్లం, మిరియం బెల్లంతో బాగా కలుస్తాయి, మన పానకం నేర్పిన జోడీయే అది. సోంపు మాత్రం బెల్లం టీలో వేయకండి, రెండు తియ్యదనాలు కలిసి మొహం మొత్తుతుంది.

ప్రశ్న: మసాలా టీ ప్రాచీన కాలం నుంచీ మన దేశంలో ఉన్నదని చదివాను. నిజమేనా? – ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మసాలా కషాయం ప్రాచీనం, మసాలా టీ కాదు. అస్సాం అడవుల్లో సింగ్ఫో ప్రజలు తేయాకును ముందునుంచే వాడుతున్నా, 1823లో స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఆ మొక్కను చూసిన తరువాతనే బ్రిటిషువారి దృష్టి అటు పడింది. 1839లో అస్సాం టీ లండన్‌లో వేలానికి వెళ్లింది. అక్కడ పండినదంతా చాలా దశాబ్దాలపాటు ఎగుమతి సరుకే, దేశంలో తాగేవారు కొద్దిమంది. 1903లో టీ ఎగుమతి మీద సెస్సు వేసే చట్టం వచ్చింది, ఆ సొమ్ముతో టీ ప్రచారం సాగింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో రైల్వే స్టేషన్లలో, కర్మాగారాల్లో కప్పు టీ చేతికిచ్చి జనానికి అలవాటు చేశారు. ఆ ప్రచారకులు నేర్పినది తెల్లదొరల పద్ధతి, వేడినీటిలో ఆకు, పైన కొద్దిగా పాలు. అంగళ్లవారు మాత్రం ఖరీదైన ఆకును తగ్గించి, పాలు, చక్కెర, అల్లం, యాలకులు పెంచి అమ్మారు. ఆకు వాడకం తగ్గుతున్నదని టీ వ్యాపారులకు ఇది నచ్చలేదు. మన నాలుకకు నచ్చింది. తరువాత చవకైన సి.టి.సి. గుళిక ఊరూరికీ చేరడంతో మసాలా టీ నిలబడిపోయింది. “శొంఠి లేని కషాయం ఉంటుందా” అన్న సామెతను పుట్టించిన జాతి, కొత్తగా వచ్చిన ఆకును కూడా ఆ పాత గిన్నెలోకే దించుకున్నది.

ప్రశ్న: రక్తహీనతకు మాత్రలు వాడుతున్నాను. భోజనం కాగానే మసాలా టీ తాగే అలవాటు. మానాలా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: టీ మానవలసిన పని లేదు గాని సమయం మార్చుకోండి. టీలోని పాలీఫినాల్స్ ఆకుకూరలు, ధాన్యాలలోని ఇనుమును పట్టుకొని ఒంటికి అందనివ్వవు. భోజనానికి, టీకి మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. ఐరన్ మాత్రను టీతో ఎప్పుడూ మింగవద్దు. మిగిలినది మీ వైద్యులను అడగండి.

ప్రశ్న: విడిగా కొన్న టీపొడి చన్నీటిలో వేయగానే ఎర్రరంగు దిగుతున్నది, రుచి మాత్రం లేదు. అనుమానంగా ఉన్నది. – ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మీ అనుమానం తీసివేయదగినది కాదు. తెల్లని ఫిల్టర్ కాగితం మీద కొద్దిగా టీపొడి పరచి, నీరు చిలకరించి తడపండి. తరువాత పొడిని దులిపి, కాగితాన్ని కుళాయి కింద కడిగి, వెలుతురులో చూడండి. మంచి టీ అయితే కాగితం మీద మరకలు ఉండవు, రంగు కలిపినదైతే వెంటనే మరకలు పడతాయి. మరకలు పడితే ఆ పొడిని వాడవద్దు. మసాలా వేస్తే తెలియదులే అనుకొని సరిపెట్టుకునే సరుకు కాదది.

ప్రశ్న: పొలానికి ఫ్లాస్కులో మసాలా టీ తీసుకువెళతాము. పదకొండు గంటలకు తాగేసరికి రుచి మారిపోతున్నది. – ఒక రైతు, తెనాలి

జవాబు: ఫ్లాస్కులో యాలకుల వాసన తగ్గుతుంది, లవంగం, చెక్క ఘాటు నిలిచే ఉంటుంది, పాలు ఉడికిన వాసన పైకి తేలుతుంది. అందువల్ల ఫ్లాస్కు కోసం చేసే టీలో లవంగం పూర్తిగా మానేసి, అల్లం, మిరియంతో సరిపెట్టుకోండి. టీని రెండు సార్లు వడగట్టి, ఒక్క గుళిక కూడా లోపలికి పోకుండా చూడండి, లేకపోతే అది అక్కడ గంటల తరబడి నానుతూనే ఉంటుంది. పోయబోయే ముందు ఫ్లాస్కులో మరిగే నీరు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోస్తే టీ వేడి తగ్గదు. యాలకుల పొడిని కాగితంలో పొట్లం కట్టి వెంట తీసుకువెళ్లి, గ్లాసులో పోసుకున్నప్పుడు చిటికెడు చల్లుకోండి. మూత లోపలి రబ్బరుకు పట్టిన పాత మసాలా వాసన పోవాలంటే, వంటసోడా కలిపిన వేడినీటిలో దానిని రాత్రంతా నానబెట్టాలి. లేకపోతే మరునాడు పోసే కాఫీ కూడా మసాలా కాఫీయే అవుతుంది.